ముప్పావు

జాబ్జెలో గని మూసేశాక
దీపాల గది మాకు వదిలేశారు.
మంగళవారం సాయంత్రాలు ఒక బల్ల, రెండు కుర్చీలు,
తన్నితే తప్ప వెలగని హీటరు.

ముప్ఫై ఒక్క ఏళ్లు ఈ కిటికీలోంచే దీపాలిచ్చాను నేను.
కిందికి ఎన్ని వెళ్లాయో పైకి అన్నీ రావాలి,
నాకు తెలిసిన లెక్క అంతే.
ఎర్విన్‌ది రెండువందల పద్నాలుగు.
ఒక రాత్రి ఆ కొక్కెం తెల్లారేదాకా ఖాళీగా ఉంది.
పొద్దున ఆరిపోయిన దీపం నా ముందు పెట్టి,
మొహం కూడా చూడకుండా వెళ్లిపోయాడు.
ఇప్పుడు నా వేళ్లనే చూస్తుంటాడు,
ఏ గుర్రాన్ని ముట్టుకుంటానోనని.

మాది చదరం లేని చదరంగం.
తొంభై ఒక్క గడులు, గడికి ఆరు వైపులు, మూడు రంగులు.
ఒక్కో పక్షానికి మూడు ఒంటెలు,
ఏ రంగులో పుట్టింది ఆ రంగులోనే పోతుంది,
ఒకే ఇంట్లో మాటల్లేని అన్నదమ్ముల్లా.
నడిమధ్య నిలబడితే రాజుకి పన్నెండు దారులు.
మూలకి తోసేసినా ఇంకా ఐదు.
"గనిలో కూడా ఇన్ని ఉండుంటే..." అంటాడు ఎర్విన్,
మిగతా మాట దగ్గులో పోతుంది.

నాలుగు మూలల బల్ల మీద
రెండు గుర్రాలు ఎంత తరిమినా
ఒంటరి రాజుకి ఆట కట్టదు,
ఎదుటివాడే పొరబడితే తప్ప.
ఇక్కడ కడుతుంది.
నాకు తెలుసు. మా వంటింటి నేల ఆరుపలకల బిళ్లలే,
జర్మన్లున్నప్పుడు పరిచింది.
ఉప్పుడబ్బా అతని రాజు, వెల్లుల్లి గడ్డ నాది,
కోటు గుండీలు రెండూ గుర్రాలు.
ఒక చలికాలమంతా మోకాళ్ల మీద గడిపాను.

అందుకే నిన్న అతనికి రాజొక్కడే మిగిలినప్పుడు
తొందరేముందని కాఫీ పోసుకున్నాను.

మా ఆటలో ఒక నియమం ఉంది.
చెక్ లేదు, కదలడానికి గడీ లేదు అంటే
అది చెరి సగం కాదు.
బిగించినవాళ్లకి ముప్పావు,
బిగుసుకుపోయినవాడికి పావు.
పావులన్నీ పోగొట్టుకున్నవాడికి
చివరికి దక్కేది ఒక పావు.

దానికోసం పరిగెత్తాడు ఎర్విన్.
మూల నుంచి పారిపోతాడనుకున్నాను,
మూలకే పారిపోయాడు.
నేను లెక్కపెడుతున్నాను, ఒకటి, రెండు, మూడు, నాలుగు,
కాఫీ చల్లారింది,
గుర్రాన్ని దించాను.
అతను రెండు చేతులూ బల్ల మీంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.
అప్పుడు చూశాను.
ఐదో దారి కూడా నేనే మూసేశాను.

"పావు," అన్నాడు,
వారం కూలి కిటికీలోంచి అందుకుంటున్నట్టు.

దీపాల రిజిస్టరులోనే రాస్తాం,
"వెళ్లినవి", "వచ్చినవి" అని అచ్చేసిన గళ్లలో.
నావి మూడువందల ఆరూ ముప్పావు.
అతనివి రెండువందల పదకొండూ పావు.
ఆ పావుని రెండుసార్లు దిద్దాడు, పెన్సిలు నొక్కి.
టోపీ పెట్టుకుని, మెట్ల దగ్గర ఒకసారి ఆగి,
ఊపిరి అందాక వెళ్లాడు.

రాత్రి మూడింటికి వంటింట్లో దీపం వేశాను.
అదే మూల, అదే ఉప్పుడబ్బా.
గుండీని ముట్టుకోకూడదు. వెల్లుల్లిని
ఒక్క బిళ్ల వెనక్కి జరపాలి, అంతే.
ఆమడ దూరం తరుముకొచ్చిన నేను
ఒక్క అడుగు వెనక్కి వేసుంటే
అతను తనంతట తానే బయటికొచ్చేవాడు.
ఆ పైన ఏడెత్తులు. మళ్లీ మళ్లీ ఆడాను, ఏడే.

అతనికి చెప్పాలా?
చెప్తాను. తెలుసుకోకుండా ఉండలేడు,
నేనూ దాచుకోలేను.
పావు మాత్రం రిజిస్టరులో అతనిదే,
పైకి వచ్చిన దీపాన్ని మళ్లీ కిందికి పంపరు.

నేల మంచుగడ్డలా ఉంది.
గుండీ ఒకటి పొయ్యి కిందికి దొర్లింది.
మంగళవారం లోపు
ముందు అది దొరకాలి.